అందరూ రావచ్చు: ఒక చిత్రోత్సవ ప్రచారం

ఉపోద్ఘాతం



ఊళ్ళో ఏదో సభ జరుగుతోందని గోడమీద కాగితం చూసి, "ఇది మనకోసం కాదులే" అనుకుని ముందుకు సాగిపోయిన సందర్భం మీకెప్పుడైనా ఎదురైందా? ఆ కాగితం మీద "మీరు రావద్దు" అని ఎవరూ రాయలేదు. అయినా మనకలా అనిపించింది. ఎందుకని?

ఈ ప్రశ్నకు జవాబు ప్రచారం చేసే పద్ధతిలో ఉంది. ప్రచారమంటే రంగుల బొమ్మలు వేయడం, గట్టిగా అరవడం మాత్రమే కాదు. ఎవరిని పిలవాలనుకున్నామో వారికి అర్థమయ్యేట్టు, నమ్మకం కలిగేట్టు పిలవడం. విశ్వవిద్యాలయంలో జరిగిన ఒక చిత్రోత్సవానికి ప్రచారం చేసిన విద్యార్థిని అనుభవం ద్వారా ఈ విషయాన్ని తెలుసుకుందాం.

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:

- చిత్రోత్సవం అంటే ఏమిటో, మన దేశంలో అది ఎలా మొదలైందో చెప్పగలుగుతారు.
- మంచి ప్రకటనలో ఉండవలసిన అంశాలను గుర్తించగలుగుతారు.
- పోస్టరు, కరపత్రం, చాటింపు, నోటిమాటల మధ్య తేడాలను వివరించగలుగుతారు.
- మీ ఊరి కార్యక్రమానికి సొంతంగా కరపత్రం రాయగలుగుతారు.

1. చిత్రోత్సవం అంటే ఏమిటి?

కొన్ని రోజులపాటు, ఒకేచోట, ఎంపిక చేసిన చలనచిత్రాలను వరుసగా చూపించే కార్యక్రమమే చిత్రోత్సవం. మామూలు సినిమాహాలులో ఏ చిత్రానికి డబ్బు వస్తుందో దానికే చోటు ఎక్కువ. చిత్రోత్సవంలో మన ఊరికి రాని చిత్రాలు, ఇతర భాషల చిత్రాలు, పాత చిత్రాలు కూడా చూడవచ్చు. చూసిన తరువాత వాటి గురించి మాట్లాడుకోవచ్చు.

మన దేశంలో మొదటి అంతర్జాతీయ చిత్రోత్సవం 1952 జనవరిలో బొంబాయిలో మొదలైంది. ఆ తరువాత మద్రాసు, ఢిల్లీ, కలకత్తా మొదలైన నగరాల్లో కూడా ఆ చిత్రాలను చూపించారు. 1986లో ఫిల్మోత్సవ్ హైదరాబాదులో జరిగింది. 1995 నుంచి అంతర్జాతీయ బాలల చిత్రోత్సవం కొన్నేళ్ళపాటు హైదరాబాదులోనే జరుగుతూ వచ్చింది.

ఉత్సవాలకు ముందే ఫిల్మ్ సొసైటీలు పుట్టాయి. మంచి చిత్రాలను తెప్పించుకుని చూసి చర్చించుకునే సంఘాలివి. 1947లో సత్యజిత్ రాయ్, మిత్రులతో కలిసి కలకత్తా ఫిల్మ్ సొసైటీని ప్రారంభించారు. హైదరాబాదులో నిజాం కాలేజీ విద్యార్థిగా ఉన్నప్పుడు శ్యాం బెనగళ్ ఇటువంటి సొసైటీనే స్థాపించారు. ఆయన 1934లో హైదరాబాదు ప్రాంతంలోనే పుట్టి పెరిగారు. 2024 డిసెంబరులో మరణించారు.

ఇక్కడ ఒక విశేషం గమనించండి. రాయ్, బెనగళ్ ఇద్దరూ దర్శకులు కాకముందు ప్రకటనల సంస్థల్లో పనిచేశారు. రాయ్ బొమ్మలు వేసేవారు. బెనగళ్ మాటలు రాసేవారు. మంచి చిత్రం తీయడం ఎంత ముఖ్యమో, దాని సంగతి జనానికి చేరవేయడం కూడా అంతే ముఖ్యమని వారికి తెలుసు. 1976లో బెనగళ్ 'మంథన్' చిత్రం తీసినప్పుడు గుజరాత్ పాల సహకార సంఘాల రైతులు ఐదు లక్షలమంది తలా రెండు రూపాయలు ఇచ్చారు. తమ సినిమా వచ్చిందని విని, ఊళ్ళనుంచి లారీల్లో తరలివచ్చి మరీ చూశారు. "ఇది మనది" అనిపిస్తే జనం ఎంత దూరమైనా వస్తారనడానికి ఇది మంచి ఉదాహరణ.

బెనగళ్ 1975లో బాలల చిత్ర సమితి కోసం 'చరణ్‌దాస్ చోర్' అనే చిత్రం తీశారు. అబద్ధం ఆడనని గురువుకు మాటిచ్చిన దొంగ కథ అది. రాయపూర్‌లో పుట్టిన ప్రసిద్ధ నాటకకర్త హబీబ్ తన్వీర్ ఇదే కథను నాటకంగా ఆడించారు. ఆయన బృందంలోని ఛత్తీస్‌గఢ్ గ్రామీణ కళాకారులే ఈ చిత్రంలోనూ నటించారు. ఇప్పుడు మీరు చదవబోయే అనుభవంలో ఈ చిత్రానికి ముఖ్యమైన చోటుంది.

పాఠ్యాంతర ప్రశ్నలు – 1

ఖాళీలు పూరించండి.

(అ) మన దేశంలో మొదటి అంతర్జాతీయ చిత్రోత్సవం ________ సంవత్సరంలో మొదలైంది.

(ఆ) 'మంథన్' చిత్రానికి డబ్బు ఇచ్చినవారు ________ .

2. విద్యార్థిని అనుభవం

(క) నేను వేసిన పోస్టరు

మా తాతయ్యగారు శ్రీకాకుళం వైపునుంచి రైల్వే ఉద్యోగానికి బిలాస్‌పూర్ వచ్చారు. అలా వచ్చి రైల్వే కాలనీలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. మా నాన్నగారు మాత్రం తఖత్‌పూర్‌లో కుట్టు దుకాణం పెట్టుకున్నారు. తఖత్‌పూర్ బిలాస్‌పూర్ జిల్లాలోనే, ముంగేలి వెళ్ళే దారిలో ఉంటుంది. బిలాస్‌పూర్‌కు సుమారు 30 కిలోమీటర్లు. మా అమ్మ ఐదో తరగతితో చదువు మానేసింది. తెలుగు బాగానే చదువుతుంది. హిందీ కూడబలుక్కుని చదువుతుంది.

నేను బిలాస్‌పూర్‌లో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నప్పుడు మా విశ్వవిద్యాలయంలో విద్యార్థులమే మూడురోజుల చిత్రోత్సవం పెట్టుకున్నాం. చివరిరోజు ఆదివారం. ఆరోజు చిత్రం 'చరణ్‌దాస్ చోర్'. ప్రదర్శనకు హక్కుదారుల అనుమతి తెచ్చే పని ఒకరికి, హాలు చూసే పని ఇంకొకరికి అప్పగించారు. నాకు బొమ్మలు వేయడం వచ్చునని ప్రచారం పని నాకిచ్చారు.

రెండు రాత్రులు కూర్చుని పోస్టరు తయారుచేశాను. నల్లని కాగితం మీద తెల్లని రీలు బొమ్మ. పైన పెద్ద అక్షరాలతో ఇంగ్లీషులో 'ఫిల్మ్ ఫెస్టివల్'. దాని కింద అతిథుల పేర్లు. ఆ కింద మా కమిటీ సభ్యుల పేర్లు, అందరివీ. అడుగున చిన్న అక్షరాలతో మూడు తేదీలు. అందరూ బాగుందన్నారు. నూటయాభై కాపీలు అచ్చువేయించాం. నలభై అప్పుడే అంటించేశాం కూడా.

ఉత్సవానికి ఇంకా రెండు వారాలుందనగా శనివారం ఇంటికి వెళ్తూ ఒక పోస్టరు చుట్టచుట్టి తీసుకెళ్ళాను. అమ్మ దాన్ని మంచం మీద పరిచి చాలాసేపు చూసింది.

"బొమ్మ బాగుందే. ఈ పేర్లన్నీ ఎవరివి?"

"మా కమిటీవాళ్ళవి."

"సినిమా పేరేటి?"

నేను పోస్టరు వైపు చూశాను. ఒక్క సినిమా పేరు కూడా అందులో లేదు.

"ఎన్ని గంటలకి?"

అదీ లేదు.

"టిక్కెట్టెంత?"

"టిక్కెట్టు లేదమ్మా, ఉచితం."

"ఆ ముక్క ఎక్కడ రాసేవు?"

నేను మాట్లాడలేదు. అమ్మ పోస్టరును మళ్ళీ జాగ్రత్తగా చుట్టచుడుతూ నెమ్మదిగా అడిగింది.

"మాలాంటోళ్ళని లోపలికి రానిస్తారేటి? గేటుకాడ మనిషుంటాడు కదా. ఏటి చదువుతున్నావని అడిగితే నేనేటి చెప్పాలి?"

రెండేళ్ళుగా నేను ఆ గేటులోంచి రోజూ వెళ్ళివస్తున్నాను. అది అమ్మకు మూసిన తలుపులా కనిపిస్తుందని నాకు ఒక్కసారి కూడా తోచలేదు.

పాఠ్యాంతర ప్రశ్నలు – 2

(అ) మొదటి పోస్టరులో లోపించిన మూడు అంశాలు రాయండి.

(ఆ) అమ్మ అడిగిన ప్రశ్నల్లో పోస్టరును సరిదిద్దినంత మాత్రాన జవాబు దొరకని ప్రశ్న ఏది?

(గ) ముందు గేటు, తరువాత కాగితం

సోమవారం కమిటీలో ఈ సంగతి చెప్పాను. ఒక సీనియర్ ఒప్పుకోలేదు. "ఇది విద్యార్థుల ఉత్సవం. విద్యార్థులు వస్తారు. తఖత్‌పూర్ వాళ్ళతో మనకేం పని?" అన్నాడు. "హాలులో మూడువందల కుర్చీలున్నాయి. చివరిరోజు చూపించేది ఛత్తీస్‌గఢ్ పల్లె కళాకారుల సినిమా. పల్లెవాళ్ళని పిలవకుండా ఎలా?" అన్నాను నేను. గంటసేపు వాదించుకున్నాం. చివరికి మూడు పనులు చేయాలని తేల్చుకున్నాం.

మొదటి పని గేటు. 'అందరూ రావచ్చు' అని రాసి, తీరా వచ్చినవాళ్ళను గేటు దగ్గర ఆపితే అంతకన్న అవమానం లేదు. అందుకని ముందుగా అధికారుల దగ్గరికి వెళ్ళి, బయటివారిని అనుమతించమని కోరుతూ దరఖాస్తు పెట్టాం. అనుమతి కాగితం చేతికొచ్చాక దాని నకలు ఒకటి గేటు దగ్గర ఇచ్చాం.

రెండో పని వేళ. చివరిరోజు చిత్రాన్ని సాయంత్రం ఆరుగంటలకు అనుకున్నాం. అది విద్యార్థులకు వీలైన వేళ. ఇంటికి తిరిగివెళ్ళి వంట చేయవలసిన వాళ్ళకు, బస్సు పట్టుకోవలసిన వాళ్ళకు కాదు. దాన్ని మధ్యాహ్నం రెండుగంటలకు మార్చాం. పోస్టరులో వేళ వేయకపోవడం ఈ ఒక్క విషయంలో మాకు కలిసొచ్చింది. మార్చవలసిన అంకె ఎక్కడా లేదు.

మూడో పని కరపత్రం. దాన్ని హిందీలో రాశాం. రైల్వే కాలనీ కోసం తెలుగులో కూడా రాశాను. అది ఇలా ఉంది:

> చరణ్‌దాస్ చోర్ (సినిమా)
> అబద్ధం ఆడనని గురువుకు మాటిచ్చిన దొంగ కథ.
> నటించినవారు ఛత్తీస్‌గఢ్ పల్లె కళాకారులు.
> ఆదివారం మధ్యాహ్నం 2 గంటలకు, విశ్వవిద్యాలయం పెద్ద హాలులో.
> టిక్కెట్టు లేదు.
> చదువుకున్నవారు, చదువుకోనివారు, పిల్లలు, పెద్దలు – అందరూ రావచ్చు.
> గేటు దగ్గర "సినిమాకు వచ్చాం" అంటే చాలు.
> సాయంత్రం తఖత్‌పూర్ వైపు బస్సు ఉంటుంది.

కమిటీ సభ్యుల పేర్లు ఇందులో లేవు. చోటు చాలలేదని కాదు. వాటితో చదివేవారికి పని లేదు.

ఒక మిత్రుడు "సినిమా హీరో వస్తున్నాడని ఒక ముక్క వేద్దాం. హాలు నిండిపోతుంది" అన్నాడు. అందరం నవ్వాం. కాని కొంతసేపు నిజంగానే ఆలోచించాం. అప్పుడు ఆ సీనియరే అన్నాడు: "అబద్ధం ఆడని దొంగ సినిమాకు అబద్ధం చెప్పి జనాన్ని పిలుస్తామా?" ఆ మాటతో ఆ చర్చ ముగిసింది.

(చ) ఆదివారం మధ్యాహ్నం

ఉన్న పోస్టర్లమీద సినిమాల పేర్లు, వేళలు రాసిన కాగితపు ముక్కలు అంటించాం. కరపత్రాలు బస్సులు ఆగేచోట, టీ దుకాణాల్లో, వారపు సంతలో పంచాం. తఖత్‌పూర్ పక్క ఊళ్ళో కోట్వార్‌ను అడిగాను. అక్కడ ఊరికి ఏ సంగతి తెలియాలన్నా కోట్వార్ వీధుల్లో తిరిగి చెబుతాడు. దాన్ని మునాదీ అంటారు. మన దండోరా వంటిదే. కరపత్రం చదివించుకుని, ఆయన అడిగిన మొదటి ప్రశ్న కూడా అదే: "మమ్మల్ని రానిస్తారా?"

అయితే నా కరపత్రాలన్నిటికన్న ఎక్కువ పని చేసింది అమ్మే. దుకాణానికి బట్టలు కుట్టించుకోవడానికి వచ్చిన ప్రతి ఆడమనిషికీ ఆ కాగితం చూపించింది. పక్కింటి కాకీతో "నేను వెళ్తున్నాను, నువ్వూ రా" అంది. నా కాగితం మీద ఆ మాట లేదు. ఉన్నా నేను అంటే నమ్మేవారు కాదు. అమ్మ అంటే నమ్మారు.

ఉత్సవం మొదటిరోజు సాయంత్రం హాలులో నలభైమంది ఉన్నారు. రెండోరోజు ఇంకొంచెం నయం. ఆదివారం ఒంటిగంటన్నరకు నేను గేటు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. తఖత్‌పూర్ నుంచి పదకొండుమంది దిగారు. ముందు అమ్మ నడుస్తోంది. పెట్టెలోంచి తీసిన పట్టుచీర కట్టుకుంది. గేటు దగ్గర మనిషి ఆమెవైపు చూశాడు. ఆయన ఇంకా ఏమీ అడగకముందే అమ్మ, "సినిమాకు వచ్చాం" అంది. ఆయన తలుపు పూర్తిగా తెరిచాడు.

ఆరోజు హాలు నిండలేదు. వెనక వరుసలు ఖాళీగానే ఉన్నాయి. కాని రెండువందలమంది దాకా వచ్చారు. అందులో సగంమంది విద్యార్థులు కారు. తెరమీద తనకు తెలిసిన ఆటపాటలు, తన ఊరివాళ్ళలాంటి మనుషులు కనిపించేసరికి కాకీ పక్కనున్నవాళ్ళను తట్టి మరీ చూపించింది.

సాయంత్రం బస్సు దగ్గర అమ్మను అడిగాను, ఎలా ఉందని.

"బాగుంది. నిన్నా మొన్నా కూడా ఏవో సినిమాలు వేసేరట కదా?"

"అవునమ్మా. వేరే దేశాలవి."

"వాటి సంగతి మాకెందుకు చెప్పలేదే?"

ఈ ప్రశ్నకు కూడా నా దగ్గర జవాబు లేదు. వాళ్ళ భాష సినిమా అయితేనే వస్తారని నేనే అనుకున్నాను. వాళ్ళను అడగలేదు.

పాఠ్యాంతర ప్రశ్నలు – 3

సరైన జవాబు గుర్తించండి.

(అ) కమిటీ మొదట చేసిన పని:
(1) కరపత్రం అచ్చువేయించడం (2) బయటివారు రావడానికి అనుమతి తీసుకోవడం (3) హీరోను పిలవడం

(ఆ) మునాదీ అంటే:
(1) గోడపత్రిక (2) సంత (3) చాటింపు

3. ప్రచార సాధనాలు: ఏది ఎప్పుడు?

పై అనుభవంలో నాలుగు రకాల ప్రచార సాధనాలు కనిపిస్తాయి. ఒక్కొక్కదానికి ఒక్కొక్క బలం, ఒక్కొక్క పరిమితి ఉన్నాయి.

*పోస్టరు:* నడిచివెళ్ళేవాడు ఒక్క క్షణం మాత్రమే చూస్తాడు. కాబట్టి ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ అన్నవి దూరంనుంచి కనిపించాలి. గోడ సొంతదారు అనుమతి లేకుండా అంటించకూడదు.

*కరపత్రం:* చేతిలో ఉంటుంది, ఇంటికి వెళ్తుంది, ఒకరు చదివి మరొకరికి వినిపిస్తారు. అందువల్ల రుసుము, దారి, తిరుగు ప్రయాణం వంటి వివరాలకు ఇదే తగినచోటు. పూర్వం మన ఊళ్ళలో సినిమా బళ్ళు డప్పులతో తిరుగుతూ కరపత్రాలు పంచేవి. పిల్లలు వాటి వెంట పరిగెత్తేవారు.

*చాటింపు:* చదవడం రానివారికి కూడా చేరుతుంది. అయితే వినగానే గుర్తుండాలి కాబట్టి రెండు మూడు వాక్యాలు మించకూడదు. మైకు వాడదలిస్తే అధికారుల లిఖితపూర్వక అనుమతి కావాలి. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగ ప్రదేశాల్లో మైకు వాడకూడదు.

*నోటిమాట:* దీనికి ఖర్చు లేదు, నమ్మకం ఎక్కువ. 1955లో రాయ్ 'పథేర్ పాంచాలి' కలకత్తాలో విడుదలైనప్పుడు మొదట్లో జనం పలచగా వచ్చారు. చూసినవారు చెప్పగా విని మరికొందరు వచ్చారు. కొద్దిరోజుల్లోనే హాళ్ళు నిండాయి. అయితే నోటిమాటను మనం కొనలేం. చెప్పినదానికీ చూపినదానికీ తేడా ఉంటే అదే నోటిమాట మనకు ఎదురుతిరుగుతుంది.

ఈ రోజుల్లో ఫోను ద్వారా పంపే సందేశాలు కూడా ప్రచార సాధనమే. తెలిసినవారు పంపితే అది నోటిమాటలా పనిచేస్తుంది. తెలియనివారు పంపితే గోడమీది కాగితంలా మిగిలిపోతుంది.

సాధనం ఏదైనా సరే, రాసే ముందు ఈ ఆరు ప్రశ్నలు వేసుకోండి: ఏమిటి? ఎప్పుడు? ఎక్కడ? ఎంత ఖర్చు? ఎవరు రావచ్చు? ఎలా వచ్చి ఎలా తిరిగివెళ్తారు? మొదటి మూడూ అందరూ రాస్తారు. చివరి మూడూ చాలామంది మరిచిపోతారు. కొత్తవారు వచ్చేదీ రానిదీ ఎక్కువగా ఆ చివరి మూడింటిమీదే ఆధారపడి ఉంటుంది.

మీరు నేర్చుకున్న అంశాలు

- ప్రచారం అంటే మన గొప్ప చెప్పుకోవడం కాదు. రావలసినవారి సందేహాలు తీర్చడం.
- కాగితం మీద ఇచ్చిన మాటను నిలబెట్టుకునే ఏర్పాటు ముందుగానే చేసుకోవాలి.
- అబద్ధపు ప్రచారంతో ఒకసారి హాలు నిండవచ్చు. రెండోసారి నమ్మేవారు ఉండరు.
- ఎవరికి ఏది నచ్చుతుందో మనమే ఊహించుకోకుండా వారినే అడగాలి.

పదాలు – అర్థాలు

కరపత్రం = చేతికిచ్చే ప్రకటన కాగితం
చాటింపు = ఊరంతటికీ వినిపించేట్టు చెప్పడం, దండోరా
నకలు = ప్రతి, కాపీ
హక్కుదారు = ఒకదానిపై చట్టరీత్యా హక్కు ఉన్న వ్యక్తి లేక సంస్థ
రుసుము = ప్రవేశానికి చెల్లించే సొమ్ము
పరిమితి = హద్దు

పాఠాంత ప్రశ్నలు

1. "కొత్తవారు వచ్చేదీ రానిదీ చివరి మూడింటిమీదే ఆధారపడి ఉంటుంది." ఈ వాక్యాన్ని పాఠంలోని ఉదాహరణలతో వివరించండి.
2. తల్లి చివర అడిగిన ప్రశ్నకు మీరైతే ఏం జవాబు చెప్పేవారు? ఐదు వాక్యాల్లో రాయండి.
3. మీ అధ్యయన కేంద్రంలో సినిమా ప్రదర్శన పెడుతున్నారనుకోండి. ఆరు ప్రశ్నలకూ జవాబు ఉండేట్టు ఒక కరపత్రం రాయండి. రాసిన తరువాత మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఒకరికి చదివి వినిపించండి. వారు అడిగిన మొదటి ప్రశ్నను రాసుకోండి. దానికి జవాబు మీ కరపత్రంలో లేకపోతే చేర్చండి.

పాఠ్యాంతర ప్రశ్నల జవాబులు

1. (అ) 1952 (ఆ) గుజరాత్ పాల సహకార సంఘాల రైతులు
2. (అ) సినిమాల పేర్లు, వేళ, టిక్కెట్టు లేదన్న సంగతి (ఆ) "మాలాంటోళ్ళని లోపలికి రానిస్తారేటి?" దీనికి కాగితం కాక, గేటు దగ్గర అనుమతి కావాలి.
3. (అ) 2 (ఆ) 3